మీ అపార్ట్‌మెంట్ కార్బన్ లెక్క: విశాఖలో సిమ్యులేషన్, ఏఐ సాయంతో తగ్గించుకోవడం ఎలా

మీ బిల్డింగ్ ఏడాదికి ఎంత కార్బన్ డయాక్సైడ్‌కి కారణమవుతోందో తెలుసుకోడానికి ఏ పరికరమూ కొననక్కర్లేదు. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులు చాలు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు తయారైతే సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఈ లెక్కను ఏటా ప్రకటిస్తుంది. ఇరవై ఫ్లాట్ల బిల్డింగ్ అనుకుందాం. ఫ్లాటుకు ఏడాదికి 3,000 యూనిట్లు, లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు కలిపి కామన్ మీటరు మీద 12,000 యూనిట్లు. మొత్తం 72,000 యూనిట్లు, అంటే దాదాపు 50 టన్నులు. పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి ప్లాంటు పొగగొట్టాలు మనకు దూరంగా కనిపిస్తాయి గానీ, ఇలాంటి బొగ్గు ప్లాంట్ల పొగలో మన బెడ్‌రూమ్ ఏసీల వాటా కూడా ఉంది.

ఈ 50 టన్నుల్లో ఎంత తగ్గించొచ్చు, ఏ పనితో మొదలుపెట్టాలి అన్నది ఊహతో తేలే విషయం కాదు. అందుకే సిమ్యులేషన్. మీ బిల్డింగ్‌ను కంప్యూటర్‌లో కట్టి, విశాఖ ఎండనూ ఉక్కపోతనూ దాని మీద ఏడాది పొడవునా గంట గంటకూ పారించి, ఏ గోడ నుంచి ఎంత వేడి వస్తోందో చూడటం. ఏఐ పని ఆ తర్వాత మొదలవుతుంది. ఈ వరస తిరగేసి, ముందే చాట్‌బాట్‌ని "మా అపార్ట్‌మెంట్ కార్బన్ ఎలా తగ్గించాలి" అని అడిగితే ఏ ఊరికైనా సరిపోయే జవాబు వస్తుంది. ఎయిర్ కూలర్ పెట్టుకోండి అంటుంది. మే నెలలో విశాఖలో కూలర్ పెట్టుకుంటే గదిలో తేమ ఇంకా పెరిగి, చెమట ఆరక ఒళ్లు జిడ్డుగా తయారవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

అసోసియేషన్ సెక్రటరీకో, కమిటీలో కాస్త చొరవ ఉన్నవాళ్లకో ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. మీ బిల్డింగ్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడో అమ్మాయో ఉంటే పని ఇంకా తేలిక. ఆంధ్రా యూనివర్సిటీలోనో గీతంలోనో ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుక్కునే విద్యార్థులు కూడా ఇలాంటి పని సంతోషంగా అందుకుంటారు.

మొదటి పని: బిల్లులు, టేపు, నిచ్చెన

కనీసం పన్నెండు నెలల యూనిట్లు కావాలి, ఇరవై నాలుగు నెలలవి దొరికితే మరీ మంచిది. ఫ్లాటు ఫ్లాటుకూ విడిగా ఎక్సెల్‌లో ఎక్కించండి. పేర్లు, సర్వీసు నంబర్లు తీసేసి 101, 102 అని మాత్రమే ఉంచండి. పక్కింటివాళ్లకు తమ బిల్లు తెలియడం చాలామందికి ఇష్టం ఉండదు. ఆ గౌరవం ఇస్తేనే అందరూ బిల్లులు ఇస్తారు.

ఎక్కించాక జనవరి, మే నెలలు పక్కపక్కన పెట్టి చూడండి. జనవరిలో 180 యూనిట్లు, మేలో 420 వచ్చిన ఫ్లాటులో ఆ తేడా 240 యూనిట్లు దాదాపుగా వేడి వల్ల వచ్చినవే. ఒక జాగ్రత్త: జనవరి లెక్కలో గీజర్ కూడా ఉంటుంది కాబట్టి అసలు ఏసీ వాటా మీకు కనిపించేదానికంటే కాస్త ఎక్కువే. పై అంతస్తు ఫ్లాట్ల తేడాను మధ్య అంతస్తుల తేడాతో పోల్చండి. ఇంకే సాఫ్ట్‌వేరూ తెరవకముందే టెర్రస్ కథ చాలావరకు ఇక్కడే తెలిసిపోతుంది.

తర్వాత టేపు పట్టుకుని తిరగాలి. బయటి గోడ తొమ్మిదంగుళాలా, ఆరా, నాలుగున్నరా? ఎర్ర ఇటుకా, సింహాద్రి బూడిదతో చేసిన ఫ్లై యాష్ ఇటుకా? కిటికీల కొలతలు, అద్దం ఒక పొరా రెండు పొరలా, సన్‌షేడ్ ఎంత బయటకు వచ్చింది, ఏ కిటికీ ఏ దిక్కుకు ఉంది. ఫోన్‌లో కంపాస్ చూసుకోండి. మన ప్లాట్లు చాలావరకు రోడ్డును బట్టి వంకరగా ఉంటాయి, "తూర్పు ముఖం" అని కాగితం మీద రాసిన ఇల్లు నిజానికి ఆగ్నేయం వైపు తిరిగి ఉండొచ్చు. పది పదిహేను డిగ్రీల తేడాకి కూడా పడమటి ఎండ లెక్క మారుతుంది.

మే నెలలో రాత్రి తొమ్మిదింటికి పై అంతస్తు ఫ్లాటులో స్టూలెక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి. శ్లాబు ఇంకా వేడిగానే ఉంటుంది. అప్పుడే పడమటి గోడను లోపలి వైపు నుంచి తాకండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం మింగిన ఎండను ఆరేడు గంటల తర్వాత, సరిగ్గా మనం పడుకునే వేళకి లోపలికి వదులుతుంది. ఏసీ ఆ గంటల్లో చల్లబరుస్తున్నది గదిలో గాలి ఒక్కదాన్నే కాదు, ఆ గోడనూ శ్లాబునూ కూడా. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఆ అంకెలు రాసి పెట్టుకోండి, మోడల్ సరిచూసుకునేటప్పుడు పనికొస్తాయి.

రెండో పని: విశాఖ వాతావరణం ఫైలు

ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికా ఇంధన శాఖ తయారు చేయించింది, సోర్సు కూడా అందరికీ తెరిచే ఉంటుంది. దాని మీద పని తేలిక చేసే ఓపెన్‌స్టూడియో కూడా ఉచితమే. వీటికి గంట గంట ఎండ, గాలి, తేమ ఉన్న ఈపీడబ్ల్యూ ఫైలు కావాలి. విశాఖకు మన దేశపు ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే తయారు చేసిన ఫైలు నెట్‌లో దొరుకుతుంది.

ఆ ఫైలులో ఉన్నది "సగటు సంవత్సరం", నిరుడు నిజంగా కాసిన ఎండ కాదు. బిల్లులతో పోల్చాలంటే ఆ బిల్లుల ఏడాది వాతావరణమే కావాలి. నాసా పవర్ సైటులో మన అక్షాంశ రేఖాంశాలు ఇస్తే (17.7 ఉత్తరం, 83.3 తూర్పు) ఉష్ణోగ్రత, తేమ, ఎండ గంటవారీగా ఉచితంగా ఇస్తుంది. ఇంకో విషయం. వాల్తేరు ఉష్ణోగ్రత, ఎయిర్‌పోర్టు ఉష్ణోగ్రత వేసవి వార్తల్లో వేర్వేరుగా చెబుతారు, ఎయిర్‌పోర్టు వైపే సాధారణంగా ఎక్కువ. సముద్రం గాలి తగిలే పాండురంగాపురం ఫ్లాటుకీ, గాజువాకలోని ఫ్లాటుకీ ఒకే ఫైలు వాడితే ఫలితం ఒక చోట తప్పుతుంది. మీ ఇంటికి ఏది దగ్గరో చూసుకుని సరిదిద్దుకోండి.

మూడో పని: మోడల్ కట్టడం

ఇక్కడే ఓపిక కావాలి. ప్రతి ఫ్లాటునూ ఒకే గదిగా చూపకండి. ఏసీ ఉన్న బెడ్‌రూమ్ వేరు, హాలూ వంటగదీ వేరు. మధ్య అంతస్తులు ఒకేలా ఉంటే ఒకదాన్ని గీసి మిగతావాటికి గుణకం పెట్టొచ్చు. కింది అంతస్తు, పై అంతస్తు మాత్రం విడిగా గీయాల్సిందే, ఒకదాని కింద స్టిల్ట్ పార్కింగ్, ఇంకోదాని మీద నేరుగా ఎండ.

పక్క బిల్డింగులను ఖాళీ పెట్టెల్లా అయినా గీయండి. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో రెండు బిల్డింగుల మధ్య ఖాళీ కొద్దిగానే ఉంటుంది, పక్క బిల్డింగు నీడే కింది అంతస్తులను కాపాడుతూ ఉంటుంది. ఆ నీడ లేకుండా లెక్క వేస్తే లేని వేడిని ఉన్నట్టు చూపి, అక్కర్లేని ఖర్చు నెత్తిన పెడుతుంది.

గోడల గుణం చెప్పే అంకె పేరు యూ-వాల్యూ. ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి పారుతుందో అది చెబుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకి సుమారు 2, ఏ కవచమూ లేని కాంక్రీటు శ్లాబుకి 3 పైనే, లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కట్టిన ఎనిమిదంగుళాల గోడకి 1 లోపే. ఇళ్ల కోసం 2018లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత పైకప్పుకి 1.2 దాటొద్దంది. గోడలూ కిటికీలూ కలిపి లోపలికి వచ్చే సగటు వేడి మనలాంటి తేమ వాతావరణంలో చదరపు మీటరుకు 15 వాట్లు మించొద్దంది. మీ బిల్డింగు ఆ గీతకు ఎంత దూరంలో ఉందో తెలిస్తే కమిటీ మీటింగులో మాట్లాడటం సులువు.

అన్నిటికంటే ముఖ్యమైనది గంటల పట్టిక. ఎనర్జీప్లస్‌లో "ఐడియల్ లోడ్స్" అనే తేలిక దారి ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తే అన్ని గదుల్లోనూ ఇరవై నాలుగు గంటలూ ఏసీ నడుస్తున్నట్టు లెక్కేస్తుంది. మన ఇళ్లలో అలా ఉండదు. చాలా ఫ్లాట్లలో మార్చి నుంచి జూన్ దాకా, రాత్రి పది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా, ఒక బెడ్‌రూమ్‌లో మాత్రమే ఏసీ నడుస్తుంది. మిగతా వేళల్లో కిటికీలు తెరిచి ఫ్యాను కింద గడిపేస్తాం. ఇంటింటికీ వెళ్లి ఏ గంటల్లో ఏసీ, ఎన్ని డిగ్రీలు, కిటికీలు ఎప్పుడు తెరుస్తారు అని అడగండి. ఈ పట్టిక సరిగ్గా లేకపోతే గోడల కొలతలు మిల్లీమీటరు దాకా సరిగ్గా ఉన్నా లాభం లేదు. తేమ లెక్క కూడా మర్చిపోవద్దు. విశాఖలో ఏసీ కష్టం గాలిని చల్లబరచడం ఒక్కటే కాదు, అందులోని నీటిని పిండి బయటకు పంపడం కూడా అందులో పెద్ద భాగమే.

సిమ్యులేషన్ ఆగిపోతే టెన్షన్ పడొద్దు. ఎర్రర్ ఫైలు తెరిచి "సీవియర్" అని ఉన్న వరుసలు కాపీ చేసి చాట్‌బాట్‌కి ఇవ్వండి. ఇలాంటి పనిలో ఏఐ నిజంగా గట్టిది, ఏ ఉపరితలం తిరగబడిందో, ఏ పేరు తప్పుగా రాశారో నిమిషంలో పట్టిస్తుంది.

నాలుగో పని: బిల్లుతో సరిచూడటం

ఈ మెట్టు దాటకుండా ముందుకెళ్లకండి. మోడల్ చెప్పిన నెలవారీ యూనిట్లు, మీ బిల్లులు పక్కపక్కన పెట్టండి. అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే ఇచ్చిన గైడ్‌లైన్ 14 అని ఒక ప్రమాణం ఉంది. నెలవారీ బిల్లులతో పోల్చేటప్పుడు ఏడాది మొత్తంలో తేడా 5 శాతం లోపు, నెలనెలా తప్పే తప్పు 15 శాతం లోపు ఉండాలంటుంది. మొత్తం సరిపోయి, మే తక్కువగా డిసెంబరు ఎక్కువగా వస్తోందంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటున్నాయన్నమాట. ఏసీ గంటలు, గాలి లీకులు, ఫ్రిజ్ టీవీల వాటా, వీటిని ఒక్కొక్కటే కదిపి చూడండి.

చేత్తో కదిపితే రోజులు పడుతుంది, అందుకే ఏఐ. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము రాయించుకుని, తెలియని అంకెలన్నిటికీ నమ్మదగ్గ హద్దులిచ్చి, బిల్లుకు దగ్గరగా వచ్చే కలయికల్ని వెతకమనండి. హద్దులు మాత్రం మీరే ఇవ్వాలి. ఇవ్వకపోతే లెక్క కుదర్చడానికి ఏసీని జనవరిలో కూడా పదహారు డిగ్రీల దగ్గర నడిపేస్తుంది. బిల్లుతో సరిపోలని మోడల్ ఎంత రంగురంగుల బొమ్మలు చూపించినా దాన్ని నమ్మి ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు.

ఐదో పని: వందల దారులు వెతకడం

ఇప్పుడు ఏఐ అసలు బలం కనిపిస్తుంది. టెర్రస్ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత, దాని కింద ఇన్సులేషన్, పడమటి కిటికీలకు బయటి నుంచి నీడ, అద్దం మార్పు, ఏసీ మార్పు, ఫ్యానుల మార్పు. ఒక్కోదానికి నాలుగైదు ఎంపికలున్నా కలయికలు వేలల్లోకి వెళ్తాయి, అన్నీ ఎనర్జీప్లస్‌లో నడపలేం. కాబట్టి రెండు మూడు వందల కలయికలు నడిపి, ఆ ఫలితాలతో ఒక మెషీన్ లెర్నింగ్ మోడల్‌కి శిక్షణ ఇవ్వండి. పైథాన్‌లో ఉచితంగా దొరికే సైకిట్-లెర్న్‌లోని రాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతి చాలు. అది మిగతా వేల కలయికలకు క్షణాల్లో అంచనా ఇస్తుంది. ఒక పక్క ఖర్చు, ఇంకో పక్క కార్బన్ పెట్టి, ఏ ఖర్చుకు ఏది ఎక్కువ తగ్గిస్తుందో గీత గీయమనండి. అది తేల్చిన మొదటి అయిదింటినీ తిరిగి ఎనర్జీప్లస్‌లో నడిపి చూశాకే నమ్మండి.

ఫలితాలు మీ బిల్డింగును బట్టి మారతాయి. విశాఖలో మాత్రం కొన్ని సంగతులు గట్టిగా చెప్పగలను.

పైకప్పు పని లాభం మొత్తం పై అంతస్తుకే. ఇరవైలో నాలుగు ఫ్లాట్ల కోసం అందరూ డబ్బు ఎందుకివ్వాలని మీటింగులో గొడవ వస్తుంది. టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి, పూత వేస్తే శ్లాబు పగుళ్లు, లీకులు కూడా తగ్గుతాయి, పై నాలుగు ఫ్లాట్లలో ఎన్ని యూనిట్లు మిగులుతాయో సిమ్యులేషన్ చెబుతోంది అని అంకెలు ముందు పెట్టండి. పై అంతస్తువాళ్లు కాస్త ఎక్కువ వాటా భరించేలా ఒప్పందానికి రావడానికి కూడా ఆ అంకెలే ఆధారం.

సన్‌షేడ్ల విషయంలో దిక్కు దిక్కుకీ మందు వేరు. దక్షిణం కిటికీకి మామూలు అడ్డ సన్‌షేడ్ చాలు. పడమర ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి అడ్డ సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. నిలువు పలకలో, బయట దించుకునే వెదురు తెరలో కావాలి. లోపలి కర్టెన్ వెలుతురు ఆపుతుంది గానీ వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు విశాఖ నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఉత్తరం కిటికీకి ఎండే రాదనుకుని పెద్ద అద్దాలు పెట్టిన ఇళ్లలో ఆ రోజుల్లో పొద్దున్నా సాయంత్రమూ ఎండ పడుతుంది.

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. ఏసీలో ఒక డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. 26 డిగ్రీల ఏసీకి ఫ్యాను జోడిస్తే మన ఉక్కపోతలోనూ హాయిగా నిద్రపడుతుంది. కొత్త ఏసీ కొనడానికి ముందు మోడల్‌లో ఇది నడిపి చూడండి.

ఎనర్జీప్లస్ మామూలుగా చూపించని పద్దు ఒకటుంది, దాన్ని చేత్తో కలపాలి. ఏసీ గ్యాసు. ఆర్-410ఏ గ్యాసు ఒక కిలో లీకైతే భూమి వేడెక్కే లెక్కలో రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటు. పాత ఆర్-22 గ్యాసుకి 1.8 టన్నులు, ఆర్-32కి 0.7 టన్నుల లోపు. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో బయటి యూనిట్ వెనక రెక్కలు చూడండి. ఉప్పు గాలికి తెల్లటి బూజులా పట్టి, వేలితో తాకితే పొడిగా రాలుతాయి. అలా తినేసిన కాయిల్ నుంచే గ్యాసు పోతుంది. "ప్రతి వేసవికీ గ్యాసు నింపించుకుంటున్నాం" అనే ఇంట్లో కరెంటు ఆదాకంటే ముందు ఆ లీకు ఆపడం పెద్ద పని. కోటింగ్ ఉన్న కాయిల్ అడగండి, నెలకోసారి మంచినీళ్లతో కడిగించండి, గ్యాసు తీసేటప్పుడు గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి.

ఆరో పని: సోలార్, మోటారు వేళలు

వేడి తగ్గించాకే సోలార్. అప్పుడు చిన్న సిస్టమే సరిపోతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల కామన్ అవసరాలకు కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. మన దగ్గర ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. పలకల నీడ శ్లాబుకి అదనపు లాభం, ఆ నీడను కూడా మోడల్‌లో పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరు మర్చిపోదు. విశాఖకి డిజైను గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. స్టాండు ఆ గాలికి నిలుస్తుందని స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన కాగితం లేకుండా బిగించనివ్వకండి.

ఓవర్‌హెడ్ ట్యాంకు మోటారును రాత్రి కాకుండా ఉదయం పది, మధ్యాహ్నం మూడు మధ్య నడిపించండి. ఆ వేళ గ్రిడ్‌లో సోలార్ వాటా ఎక్కువ, సాయంత్రం తర్వాత బొగ్గు మీదే భారం. ఒక టైమరు చాలు, ఏఐ అక్కర్లేదు. సెంట్రల్ ఏసీ ఉన్న హోటలో ఆసుపత్రో అయితే మాట వేరు. రేపటి వేడిని, జనాన్ని ముందే అంచనా వేసి, బిల్డింగ్ మొత్తాన్ని చల్లబరిచే పెద్ద యంత్రాలను (చిల్లర్లను) నడిపే ఏఐ అక్కడ బాగా పనికొస్తుంది. గూగుల్ తన డేటా సెంటర్లలో డీప్‌మైండ్ ఏఐతో చల్లబరిచే కరెంటును 40 శాతం దాకా తగ్గించానని 2016లో ప్రకటించింది. ఇరవై స్ప్లిట్ ఏసీల అపార్ట్‌మెంటుకి అంత హంగు ఖర్చు దండగ.

కాలనీ మొత్తానికి చేయాలనుకుంటే

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ నుంచి బిల్డింగుల ఆకారాలు ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ఇచ్చేవాటిని ఉపగ్రహ చిత్రాల నుంచి గుర్తించింది కూడా ఏఐనే. అంతస్తులు మీరు తిరిగి లెక్కపెట్టుకోవాలి. అన్నీ విడివిడిగా గీయక్కర్లేదు. పాత పెంకుటిల్లు, ఎనభైల నాటి రెండంతస్తుల ఇల్లు, స్టిల్ట్ అపార్ట్‌మెంట్, అద్దాల కమర్షియల్ కాంప్లెక్సు, ఇలా నాలుగైదు రకాలు చేసి, ఒక్కో రకానికి బిల్లులతో సరిచూసిన మోడల్ ఉంచితే సిటీ ఎనర్జీ అనలిస్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మిగతాది చూసుకుంటుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం వేడి పటాలు వాడేటప్పుడు అవి ఉదయం పదిన్నర ప్రాంతంలో తీసినవనీ, చూపించేది కప్పుల, రోడ్ల వేడే గానీ గాలి వేడి కాదనీ గుర్తుంచుకోండి.

మధురవాడ వైపు కొత్తగా కట్టించుకునేవాళ్లకు ఒక మాట. కరెంటు మొదలవకముందే సిమెంటు, స్టీలు రూపంలో పెద్ద కార్బన్ ఖర్చయిపోతుంది. స్టీలు ప్లాంటులో ఇనుము తీయగా మిగిలే స్లాగుతో చేసిన సిమెంటులో, సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్ తక్కువ, పైగా ఉప్పు గాలికి, ఉప్పు నేలకి అది మామూలు సిమెంటుకంటే బాగా తట్టుకుంటుంది. కాస్త నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి క్యూరింగ్ రోజులు తగ్గించొద్దని మేస్త్రీకి ముందే చెప్పాలి. అలాగే పునాది గట్టిగా ఉన్న పాత ఇంటిని పడగొట్టే ముందు, బాగు చేయించుకుంటే ఎంత, కొత్తది కడితే ఎంత అని ముప్పై ఏళ్ల కార్బన్ లెక్క రెండూ వేయించండి.

పని అయ్యాక

పూత వేశాక వచ్చిన మే బిల్లును నిరుటి మే బిల్లుతో నేరుగా పోల్చొద్దు. ఈ మే చల్లగా ఉండి ఉండొచ్చు. ఈ ఏడాది వాతావరణాన్ని పాత మోడల్‌లో పెట్టి, పూత లేకపోతే ఎన్ని యూనిట్లు అయ్యేవో రాబట్టి, దాంతో అసలు బిల్లును పోల్చండి. ఆ తేడాయే మీ ఆదా, దాన్ని 0.7తో గుణిస్తే కిలోల కార్బన్. అనుకున్నదానికంటే తక్కువ వస్తే ముందు టెర్రస్ మీదికి వెళ్లి చూడండి. దుమ్ము, నాచు పట్టి తెల్లటి పూత బూడిద రంగుకి తిరిగితే దాని పని బాగా పడిపోతుంది, వర్షాకాలం అయ్యాక ఒకసారి, వేసవికి ముందు ఒకసారి కడిగించాలి. ఆ కడగడం ఖర్చును మెయింటెనెన్స్ బడ్జెట్‌లో ముందే రాయండి.

మోడల్ ఫైళ్లు, వాతావరణం ఫైళ్లు, బిల్లుల ఎక్సెల్ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి అసోసియేషన్ మెయిల్ ఖాతాలో దాచండి, ఒక్కరి లాప్‌టాప్‌లో ఉంచొద్దు. సెక్రటరీ మారినప్పుడు లిఫ్టు ఏఎంసీ కాగితాలతో పాటు ఆ ఫోల్డర్ కూడా అప్పగించాలని జనరల్ బాడీ మినిట్స్‌లో రాయించండి.